ఒకే సైజు ఇల్లు, మూడు ఊర్లల్ల మూడు పన్నులు. లెక్క ఎట్ల వేస్తరు?

పానగల్లు_గట్టు
1,080 చదరపు అడుగుల స్లాబు ఇల్లు, కింది అంతస్తు ఒక్కటే. అచ్చం ఇట్లాంటివే మూడు ఇండ్ల బిల్లులు ముందట పెట్టుకొని చూస్తున్న. ఒకటి నల్లగొండ టౌన్ల ఉంది. ఇంకొకటి 2018ల మున్సిపాలిటీ అయిన ఊర్ల. మూడోది ఇప్పటికీ గ్రామపంచాయతీ. మూడింట్ల ఏ అంకె ఇంకో అంకెతోని కలుస్తలేదు. రాష్ట్రం ఒక్కటే అయినప్పుడు ఇంటి పన్ను రేటు ఒక్కటి ఎందుకు లేదు? ఎక్కువ పడ్డ ఇంటికి తప్పు వేసిన్రా? తక్కువ పడ్డాయనకు రేపు బకాయి అని నోటీసు వస్తదా? తెలిసినోళ్లు లెక్కతో సహా చెప్పున్రి.

పిల్లలమర్రి_నీడ
ముందు ఒక్కటి చూసుకోండి. మున్సిపల్ బిల్లులో అంకె అర్ధ సంవత్సరానిదా, ఏడాదిదా? మున్సిపాలిటీలో డిమాండ్ ఏప్రిల్–సెప్టెంబర్ ఒకటి, అక్టోబర్–మార్చి ఒకటి. పంచాయతీ రసీదు ఏడాది మొత్తానికి ఉంటుంది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి పోల్చేవాళ్లే ఎక్కువ. పాత బకాయి, వడ్డీ గడులు కూడా పక్కన పెట్టి, ఈ ఏడాది డిమాండ్ ఒక్కటే తీసుకోండి.

పానగల్లు_గట్టు
చూసిన. మూడింటికీ ఏడాది లెక్కనే, బకాయి తీసేసినంకనే. అయినా నల్లగొండ ఇంటికి, కొత్త మున్సిపాలిటీ ఇంటికి మస్తు తేడా ఉంది. పంచాయతీది అన్నిటికంటే తక్కువ.

కోయిల్‌సాగర్_అలుగు
చట్టమే ఒక్కటి కాదు కదా. పంచాయతీకి 2018 పంచాయతీరాజ్ చట్టం. మున్సిపాలిటీలకు, హైదరాబాద్ బయటి కార్పొరేషన్లకు 2019 మున్సిపల్ చట్టం. హైదరాబాద్ మహానగర పాలక సంస్థకు (జీహెచ్‌ఎంసీ) 1955 చట్టం. ఒక్కో దాంట్లో లెక్క కట్టే తీరే వేరు.

ఉదయసముద్రం_కట్ట
పైన చెప్పింది నిజమే కానీ ఒకే చట్టం కింద ఉన్న రెండు మున్సిపాలిటీల మధ్య కూడా తేడా వస్తుంది. అది ఎక్కడ పుడుతుందో చెబుతాను.

మున్సిపాలిటీలో పన్ను మన ఇంటి అమ్మకం ధర మీద కాదు, వార్షిక కిరాయి విలువ మీద. దాన్నే ఏఆర్‌వీ అంటారు. ఊరిని జోన్లుగా విడగొడతారు. ప్రతి జోన్‌లో కట్టడం రకాన్ని బట్టి (స్లాబు, పెంకు, రేకులు, గుడిసె) చదరపు మీటరుకు నెలకు ఇంత అని రేటు ఉంటుంది. నివాసానికి ఒకటి, వ్యాపారానికి ఒకటి. ఈ రేట్లను ముందు ఫారం-ఎ అనే ముసాయిదాగా ప్రకటించి, అభ్యంతరాలు తీసుకుని, తర్వాత ఫారం-బిగా ఖాయం చేస్తారు. మీ బిల్లు పుట్టిల్లు ఆ ఫారం-బి.

ఇక లెక్క. కింద రాసే రేటు, శాతం ఏ ఊరివీ కావు, తీరు తెలియడానికి అనుకున్నవి.
ఇల్లు 100 చదరపు మీటర్లు (మీ 1,080 అడుగులు దాదాపు అంతే, 10.764తో భాగిస్తే చాలు).
జోన్ రేటు 10 రూపాయలు అనుకుందాం. నెలకు 1,000, ఏడాదికి 12,000. ఇదీ ఏఆర్‌వీ.
ఓనరే ఉంటే 40 శాతం తీసేస్తే 7,200.
దాని మీద పన్ను 25 శాతం అనుకుందాం: 1,800.
గ్రంథాలయ పన్ను రూపాయికి 8 పైసలు: 144.
మొత్తం ఏడాదికి 1,944. అర్ధ సంవత్సరానికి 972.

ఇదే ఇల్లు రెండు వీధులు అవతల 6 రూపాయల జోన్‌లో ఉంటే: ఏఆర్‌వీ 7,200, ఓనరు మినహాయింపు పోను 4,320, పన్ను 1,080, గ్రంథాలయానికి 86.40. మొత్తం 1,166.40. ఒక్క గోడ కూడా మారలేదు, 777 రూపాయలు తేడా.

డిండి_వాగు
ఆ 25 శాతం అన్నది కూడా ఊరికో తీరు ఉంటది కదా?

ఉదయసముద్రం_కట్ట
అవును. అందులో సాధారణ పన్ను, నీటి పన్ను, వీధి దీపాల పన్ను, పారిశుధ్య పన్ను కలిసి ఉంటాయి. చట్టం పెట్టిన హద్దులో కౌన్సిల్ తీర్మానం చేసుకుంటుంది. అంటే తేడా రెండు చోట్ల పడుతుంది: జోన్ రేటులో ఒకసారి, శాతంలో ఒకసారి. రెండూ గుణకారమే కాబట్టి చివరికి పెద్దగా కనిపిస్తుంది.

బాదేపల్లి_బజార్
అంటే పెద్ద టౌన్ల ఎక్కువ, చిన్న టౌన్ల తక్కువ అంతే కదా. దీనికి ఇంత లెక్క ఎందుకు.

కోయిల్‌సాగర్_అలుగు
కాదు. పెద్ద టౌన్‌లో చివరి జోన్ పెంకుటిల్లు కంటే చిన్న టౌన్‌లో బస్టాండ్ పక్క స్లాబు ఇంటికి ఎక్కువ పడొచ్చు. మిర్యాలగూడ, సూర్యాపేట, వనపర్తి, గద్వాల ఏది తీసుకున్నా ఊరి లోపలే తేడాలు ఎక్కువ. ఊరి పేరు చూసి తేల్చొద్దు, జోన్ చూడాలి.

పిల్లలమర్రి_నీడ
ఇంకో కారణం కాలం. పాత మున్సిపాలిటీల్లో నివాస ఇళ్లకు సాధారణ సవరణ జరిగింది 2002లో, వ్యాపార భవనాలకు 2007లో. అప్పటి కిరాయిల మీద కట్టిన రేట్లు అవి. 2018లో మున్సిపాలిటీలైన హాలియా, చిట్యాల, చండూరు, భూత్పూర్ లాంటి ఊళ్లకు అప్పుడు జోన్లే లేవు, పంచాయతీలు. పంచాయతీ రిజిస్టర్‌లోని పాత డిమాండ్‌నే కొత్త లెక్కలోకి తెచ్చుకున్న చోట ఒక చిత్రం కనిపిస్తుంది: ఒకే గల్లీలో మున్సిపాలిటీ కాకముందు కట్టిన ఇంటికి ఒక పన్ను, ఆ తర్వాత కట్టిన ఇంటికి దానికి రెండింతలు. అక్కడ తప్పు పక్కింటాయనది కాదు. పాత ఇంటి కొలత ఇంకా కొత్త పద్ధతిలోకి రాలేదు, అంతే.

డిండి_వాగు
అట్లయితే పాత ఇంటాయనకు రేపు పెరుగుతది. బకాయి వేస్తరా అన్నది అడిగిన్రు పైన.

పిల్లలమర్రి_నీడ
కొత్తగా మదింపు చేస్తే ముందు నోటీసు ఇవ్వాలి. ఇల్లు ఉన్నది ఉన్నట్టే రికార్డులో ఉండి, రేటు మాత్రమే మారితే అది ముందుకు వర్తించాల్సిన సంగతి. కానీ పై అంతస్తు వేసి చెప్పకుండా ఉంటే సంగతి వేరు, అది దాచినట్టు లెక్క. 2019 చట్టంలో స్వీయ ప్రకటన తప్పని తేలితే 25 రెట్ల జరిమానా ఉంది. గది పెంచినా, అంతస్తు వేసినా మనమే రాసి ఇవ్వడం మంచిది.

మూసీ_కాలువ
పంచాయతీ సంగతి ఎవరూ చెప్పలేదు. అక్కడ జోన్లు లేవు. మన దిక్కు ఎక్కువ ఊర్లల్ల ఇంటి మూలధన విలువ కట్టి, ప్రతి 100 రూపాయల విలువకు ఇంత అని పంచాయతీ తీర్మానం చేస్తది. జాగ విలువ, కట్టడం విలువ కలిపి లెక్క. ఇంటి పన్ను ఒక గడి, నల్లా ఒక గడి, వీధి దీపాలు, మురికి కాలువలు వేరే గడులు. రసీదు మొత్తం చూసి ఇంటి పన్ను అనుకోవద్దు, మొదటి గడి ఒక్కటే ఇంటి పన్ను. మున్సిపాలిటీల నల్లా బిల్లు వేరే వస్తది కాబట్టి, పోల్చేటప్పుడు ఆ గడి తీసెయ్యాలె.

ఇంకోటి. కారోబార్ (పన్నులు రాసుకునే పంచాయతీ మనిషి) ఇంటికి వచ్చినప్పుడు రేకుల ఇల్లు అని రాసుకున్నది, స్లాబు పడ్డ పదేండ్ల తర్వాత కూడా రేకుల ఇల్లే అని ఉంటది. పంచాయతీ పన్ను తక్కువ కనపడేదానికి సగం కారణం ఇదే. రేపు ఇల్లు అమ్మేటప్పుడు, బ్యాంకు లోనుకు పోయినప్పుడు ఈ తేడా ఎదురు తిరుగుతది. దస్తావేజుల స్లాబు ఇల్లు, పంచాయతీ కాగితంల రేకులు అంటే బ్యాంకోడు ఒప్పుకోడు. రెండు వందలు మిగిలినయని చూస్తే అక్కడ రెండు నెలలు తిరగాల్సొస్తది.

బాదేపల్లి_బజార్
హైదరాబాద్ ఎల్బీనగర్ దిక్కు ఫ్లాట్‌కు, ఇక్కడి ఇంటికి పోలిస్తే? అక్కడ పన్ను స్లాబులు అంటరు కదా, అంటే 17 శాతం, 30 శాతం అని మెట్లు.

కోయిల్‌సాగర్_అలుగు
జీహెచ్‌ఎంసీలో శాతం చట్టంలోనే మెట్లుగా ఉంది. ఏఆర్‌వీ 600 వరకు పన్ను లేదు. 1,200 వరకు 17, 2,400 వరకు 19, 3,600 వరకు 22, ఆ పైన 30 శాతం. ఆ మెట్లు పెట్టిన కాలానికి 3,600 పెద్ద మొత్తమే. ఇప్పుడు 3,600 అంటే నెలకు 300 కిరాయి విలువ. కాబట్టి మామూలు ఫ్లాట్ ఏదైనా నేరుగా 30 శాతంలోనే పడుతుంది. కొలత అక్కడ చదరపు అడుగుల్లో.
1,000 అడుగులు, అడుగుకు నెలకు 1 రూపాయి అనుకుంటే: 12,000. అందులో వయసు తగ్గింపు 10 శాతం పోతే 10,800. 30 శాతం 3,240. గ్రంథాలయ పన్ను 259.20 కలిపి 3,499.20.
మున్సిపాలిటీ చదరపు మీటరు రేటును, జీహెచ్‌ఎంసీ చదరపు అడుగు రేటును పక్కన పెట్టి "అక్కడ 1 రూపాయే, ఇక్కడ 10" అనుకునేవాళ్లు ఉన్నారు. మీటరు రేటును 10.764తో భాగించాకే పోల్చాలి.

లతీఫ్‌సాబ్_గుట్ట
వయసు తగ్గింపు గురించి ఒక ముక్క. 25 ఏండ్ల లోపు ఇంటికి 10 శాతం, 25 నుంచి 40 దాకా 20, 40 దాటితే 30. పైన ఉదయసముద్రం చెప్పిన ఓనరు మినహాయింపు 40 శాతం 1965 పాత మున్సిపల్ చట్టం కాలం నుంచి వస్తున్నది, 25 ఏండ్ల లోపు ఇంటికి ఆ 10 కూడా అందులనే కలిసి ఉంటది. రెండు వేరువేరుగా తీసేసి 50 అనుకోవద్దు.

ఇక్కడ జరిగే పొరపాటు ఏందంటే, రికార్డుల "కిరాయి" అని పడ్డ ఇంటికి ఆ 40 రాదు, 10 ఒక్కటే వస్తది. అదే 10 రూపాయల జోన్ లెక్క చూడున్రి: 12,000ల 10 శాతం పోతే 10,800, పన్ను 2,700, గ్రంథాలయం 216, మొత్తం 2,916. ఓనరు ఉంటే 1,944. ఏడాదికి 972 తేడా, అంటే ఒక అర్ధ సంవత్సరం పన్ను మొత్తం. కిరాయిదారు ఖాళీ చేసి ఓనరే వచ్చి ఉంటున్నా, ఎవరూ అర్జీ పెట్టకపోతే ఆ గడి అట్లనే ఉంటది. నల్లగొండ ఇంటికి ముందు ఆ గడి చూడున్రి.

పానగల్లు_గట్టు
@లతీఫ్‌సాబ్_గుట్ట ఎక్కడ కనపడతది? బిల్లు మీద లేదు.

లతీఫ్‌సాబ్_గుట్ట
బిల్లు మీద ఉండదు. రెవెన్యూ విభాగంల అసెస్‌మెంట్ రిజిస్టర్ నకలు అడగాలె, పీటీఐఎన్ (ఇంటి పన్ను గుర్తింపు నంబరు) చెప్తే తీస్తరు. అండ్ల ఐదు గడులు చూడున్రి: జోన్, కట్టడం రకం, ప్లింత్ ఏరియా (గోడలతో సహా ఇంటి కొలత), కట్టిన సంవత్సరం, ఉంటున్నది ఓనరా కిరాయా. నూటికి తొంభై తప్పులు ఈ ఐదింట్లనే ఉంటయి.

ఉదయసముద్రం_కట్ట
ప్లింత్ ఏరియా గురించి లతీఫ్‌సాబ్ చెప్పినదానికి కొనసాగింపు. భువన్ యాప్‌తో ఇళ్లను ఫొటో తీసి, మ్యాప్ మీద గుర్తించి, రికార్డు కొలతతో సరిచూసే పని మన మున్సిపాలిటీల్లో జరిగింది. దాచిన అంతస్తులు బయటపడ్డాయి, అది మంచిదే. కానీ పైనుంచి చూసే కొలతలో సజ్జ కూడా ఇంటిలాగే కనిపిస్తుంది.

36 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు ఇల్లు అనుకోండి. గోడ బయటి అంచు నుంచి బయటి అంచుకు 1,080 అడుగులు. నాలుగు వైపులా 2 అడుగుల సజ్జ కలిపి గీస్తే 40 ఇంటూ 34, అంటే 1,360. 280 అడుగులు ఊరికే పెరిగాయి. చదరపు మీటర్లలో 26. పైన చెప్పిన 10 రూపాయల జోన్‌లో, ఓనరు మినహాయింపు పోయాక కూడా ఏడాదికి 505 రూపాయలు. ప్రతి ఏడాదీ.

బాదేపల్లి_బజార్
బాల్కనీ, మెట్లు కూడా తీసేయమనాలె అయితే.

ఉదయసముద్రం_కట్ట
లేదు, అక్కడ నేను ఒప్పుకోను. గోడ మందం, లోపలి మెట్లు, కప్పు ఉన్న వరండా కొలతలోకి వస్తాయి. గ్రిల్లు బిగించి గదిలా వాడుతున్న బాల్కనీ కూడా వస్తుంది. వానకు అడ్డంగా పెట్టిన సజ్జ రాదు. అర్జీలో అన్నీ తీసేయమని రాస్తే నిజమైన సజ్జ సంగతి కూడా ఎవరూ వినరు.

డిండి_వాగు
టేపు పట్టుకొని కొలిచేటప్పుడు ఇంటి వెనక స్నానాల గది మరిచిపోవద్దు. అది విడిగా ఉన్నా లెక్కనే.

మూసీ_కాలువ
చిన్న ఇండ్లోళ్లకు ఒకటి చెప్పాలె. మున్సిపాలిటీల 75 గజాల లోపు జాగల, కింద ఒకటి పైన ఒకటి దాకా కట్టుకున్న నివాసానికి ఏడాదికి 100 రూపాయలే పన్ను. 2019 చట్టంల ఉంది. 75 గజాలు అంటే 675 అడుగుల జాగ. ఇల్లు సైజు కాదు, జాగ సైజు చూస్తరు. ముందు గదికి షట్టర్ పెట్టి కిరాణం నడిపితే ఆ భాగం నివాసం కాదు, 100 రూపాయల మాట పోతది.

పిల్లలమర్రి_నీడ
పర్మిషన్ లేకుండా లేచిన కట్టడానికి పన్ను మీద అదనంగా జరిమానా ఉంటుంది. ఉల్లంఘన ఎంత ఉందో దాన్ని బట్టి 25 నుంచి 100 శాతం దాకా. నల్లగొండ ఇంటికి ప్లాన్ ఉందా లేదా కూడా అడిగి తెలుసుకోండి. రెట్టింపు డిమాండ్ కనిపిస్తే చాలాసార్లు కారణం ఇదే. ఆ జరిమానా కట్టినంత మాత్రాన ఇల్లు రెగ్యులర్ అయినట్టు కాదు, అది గుర్తుంచుకోవాలి.

బాదేపల్లి_బజార్
పాలమూరు 2025 జనవరిల కార్పొరేషన్ అయింది కదా. ఆ ఒక్క మాటతో పన్ను పెరుగుతదని టీ కొట్టు కాడ అందరూ అంటున్నరు.

కోయిల్‌సాగర్_అలుగు
బోర్డు మారితే పన్ను మారదు. జోన్ రేట్లు మారాలంటే మళ్లీ ఫారం-ఎ, అభ్యంతరాలు, ఫారం-బి నడవాలి. ఆ ప్రకటన వచ్చినప్పుడే అందరూ చదవాలి. వచ్చి పోయాక బిల్లు పట్టుకొని కొట్లాడితే పట్టు ఉండదు. మీ వీధి ఏ జోన్‌లో పెట్టారు, ఆ జోన్‌లోని మిగతా వీధుల్లో కిరాయిలు మీ వీధిలాగే ఉన్నాయా, ఇవి రెండే చూడండి. "పన్ను తగ్గించండి" అని రాసిన అభ్యంతరం నిలవదు. "ఈ వీధిలో డబుల్ బెడ్‌రూం కిరాయి ఇంత, పక్క జోన్‌లో ఇంత, కాబట్టి మా వీధి ఆ జోన్‌లోకి రావాలి" అని కిరాయి ఒప్పందాల నకళ్లు జతపరిస్తే నిలుస్తుంది.

లతీఫ్‌సాబ్_గుట్ట
కొత్త మున్సిపాలిటీ ఇంటికి ఇంకోటి చూడున్రి. పంచాయతీ కాలం నాటి ఇంటి నంబరు మీద ఒక పీటీఐఎన్, సర్వేల కొత్తగా ఇచ్చిన నంబరు మీద ఇంకో పీటీఐఎన్, ఇట్ల ఒకే ఇంటికి రెండు పడ్డవి ఉన్నయి. ఓనరు ఒక దాని మీద ఠంచనుగా కడుతుంటడు. రెండో దాని మీద బకాయి, నెలకు 2 శాతం వడ్డీ పెరుగుతుంటది. ఆన్‌లైన్‌ల ఇంటి నంబరుతో ఒకసారి, ఓనరు పేరుతో ఒకసారి వెతికితే రెండూ బయటపడతయి. రెండు రసీదులు, ఇంటి ఫొటో పెట్టి ఒకటి రద్దు చెయ్యమని రాసియ్యాలె.

డిండి_వాగు
వడ్డీ అంటే గుర్తొచ్చింది. 972 అర్ధ సంవత్సరం డిమాండ్ తొమ్మిది నెలలు ఆలస్యమైతే 175 వడ్డీ. అదే ఏప్రిల్ 30 లోపు ఏడాది మొత్తం కడితే 5 శాతం తగ్గింపు, 1,944ల 97 మిగులుతది. ఆ తగ్గింపు ఈ ఏడాది పన్ను మీదనే, పాత బకాయి మీద రాదు. వడ్డీల 90 శాతం మాఫీ అని 2020, 2022ల వన్ టైమ్ స్కీములు వచ్చినయి గానీ, అది వస్తదని కట్టకుండ కూసుంటే లాభం లేదు.

పానగల్లు_గట్టు
రిజిస్టర్ నకళ్లు రెండూ చూసిన. నల్లగొండ ఇల్లు "కిరాయి" అని ఉంది. ఇంటాయన ఉంటున్నది ఆయనే. జోన్ సరిగ్గనే ఉంది. కొత్త మున్సిపాలిటీ ఇంటికి ప్లింత్ ఏరియా 1,360 అని ఉంది! ఉదయసముద్రం చెప్పిన సజ్జ లెక్కనే, అంకెతో సహా. పంచాయతీ ఇల్లు రేకులు అని రాసి ఉంది, స్లాబు పడి ఎనిమిదేండ్లు. ఇప్పుడు అర్జీ ఎట్ల రాయాలె?

ఉదయసముద్రం_కట్ట
ఒక అర్జీలో ఒకటే అడగండి. కమిషనర్ పేరు మీద, పైన పీటీఐఎన్, ఇంటి నంబరు.
నల్లగొండ ఇంటికి: ఓనరు ఆధార్, ఆ ఇంటి కరెంటు బిల్లు ఓనరు పేరుతో ఉన్నది, పన్ను రసీదు. "ఫలానా నెల నుంచి స్వయంగా నివసిస్తున్నాను" అని తేదీతో రాయాలి.
సజ్జ ఇంటికి: తెల్ల కాగితం మీద చేతితో గీసిన కొలతల బొమ్మ చాలు. బయటి గోడ అంచులు గీతతో, సజ్జ చుక్కలతో. ప్రతి వైపు అడుగులు రాయండి. పర్మిషన్ ప్లాన్ నకలు, దస్తావేజు నకలు, నాలుగు వైపుల ఫొటోలు. "మళ్లీ కొలిచి సరిచేయండి" అని అడగండి, "1,080 చేయండి" అని కాదు. వాళ్లే టేపు పెట్టి కొలిస్తే తర్వాత కాదనడం కష్టం.
నోటీసు వచ్చి ఉంటే అందులోని గడువు దాటనివ్వొద్దు. ఇన్‌వర్డ్ నంబరు, ముద్ర ఉన్న నకలు లేకుండా కౌంటర్ వదలొద్దు.

మూసీ_కాలువ
పంచాయతీ ఇంటికి కార్యదర్శికి రాసియ్యాలె, స్లాబు అని మార్చమని. పన్ను కొంత పెరుగుతది, పెరగనియ్యాలె. దస్తావేజు, పంచాయతీ కాగితం ఒక్క తీరు అయితయి.

కోయిల్‌సాగర్_అలుగు
రెవెన్యూ విభాగంలో ఫారం-బి చూపించకపోతే సమాచార హక్కు కింద అడగండి. పది రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబు. ప్రశ్న చిన్నగా: "ఫలానా ఇంటి నంబరు ఏ జోన్, ఆ జోన్‌లో స్లాబు నివాసానికి చదరపు మీటరుకు నెల రేటు ఎంత, ఆ ఫారం-బి నకలు." ఎందుకు ఎక్కువ వేశారు అని అడగొద్దు, దానికి జవాబు రాదు.

పానగల్లు_గట్టు
అర్జీ తేలేదాక బిల్లు కట్టాలా, ఆపాలా?

లతీఫ్‌సాబ్_గుట్ట
కట్టున్రి. ఆపితే నెలకు 2 శాతం నడుస్తనే ఉంటది. సరిచేసినంక ఎక్కువ కట్టింది ముందు డిమాండ్‌ల సర్దుమని అదే అర్జీ చివర ఒక వాక్యం రాయున్రి. ఆ వాక్యం లేకపోతే మళ్లీ ఇంకో అర్జీ పెట్టాల్సొస్తది.